వెనక తలుపు తాళంచెవి

గంగాధరరావుగారి నోట్లో ‘అలాగేనండి’ అనే మాట ఒకటుంది. బాత్రూము తలుపుకి గడియ పెట్టించండంటే అలాగేనండి. చేతులకి తొడుగులు చిరిగిపోయాయి, కొత్తవి ఇప్పించండంటే అలాగేనండి. జ్వరంగా ఉంది, ఇంటికెళ్తానంటే అలాగేనండి. మొహంలో చిరునవ్వు చెరగదు, గొంతు లేవదు. అడిగినవాళ్లు పని అయిపోయినంత సంబరంగా వెనక్కి వస్తారు. పని మాత్రం అవదు. దెందులూరు దాటాక హైవే దిగి కొల్లేరు వైపు పోయే రోడ్డులో ఉన్న రొయ్యల ఫ్యాక్టరీకి ఆయన మేనేజరు. ఆ మాటకి విలువెంతో అక్కడ రొయ్యలు వలిచే ఆడవాళ్లందరికీ తెలుసు. హన్నమ్మకి అందరికంటే బాగా తెలుసు. తెలిసుండీ నమ్మింది. ఏం చెప్పమంటారు!

హన్నమ్మ ఆ ఫ్యాక్టరీ తెరిచిన నాటి నుంచీ ఉన్న మనిషి. భర్త ఇస్సాకు చెరువుల మీద కాపలాకి వెళ్తూ వెళ్తూ ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. చెల్లెలు పోతూ పోతూ చేతిలో పెట్టిన పిల్ల బిందు ఒక్కతే ఆమెకి లోకం. బిందు ఇంటరు అయ్యాక ఏలూరులో బట్టల షాపులో చేరతానంది. హన్నమ్మ ససేమిరా అంది. “బజార్లో ఎవడెలాంటివాడో! నా కళ్లముందు పనిచేసుకో. నేనుండగా నీకేం భయం?” అని తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీలింగ్ హాల్లో తన పక్కన నిలబెట్టింది. బిందు నాలుగు రోజులు మూతి ముడుచుకుంది. ఆ తర్వాత చల్లటి నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు వలుస్తూనే పెద్దమ్మని ఆటపట్టించడం మొదలెట్టింది.

ఎక్కడో వేరే ఊళ్లో ఒక ప్లాంటులో అమ్మోనియా గ్యాసు లీకై గొడవైందని పేపర్లో వచ్చింది. రొయ్యల్ని గడ్డకట్టించే మిషన్లన్నీ ఆ గ్యాసు మీదే నడుస్తాయి. విదేశాల నుంచి సరుకు కొనేవాళ్లు వచ్చి, మీ కార్మికుల తరఫున భద్రత చూసే ప్రతినిధులెవరని గంగాధరరావుగారిని అడిగారు. ఎవరూ లేరాయె! మర్నాటికల్లా ఇద్దరు తయారయ్యారు. మిషను రూము నడిపే ఉంగుటూరు గోపీనాథ్ ఒకడు. రెండో మనిషి హన్నమ్మ. హాల్లో అందరికంటే నోరున్న మనిషి ఆమే కాబట్టి, ఆ నోటికో పదవి ఇస్తే సరిపోతుందనుకున్నారు కాబోలు. ఆ రోజు నుంచి గంగాధరరావుగారు ఆమెని ‘హన్నమ్మగారూ’ అనడం మొదలెట్టారు. ఇన్నేళ్లలో ఆమెని ‘గారూ’ అన్నవాళ్లు చర్చిలో పాస్టరుగారు తప్ప ఇంకెవరూ లేరు. పైకి విసుక్కున్నా, లోపల ఎక్కడో చల్లగానే ఉండేది. అబద్ధమెందుకు?

కొత్తగా నియమించిన ప్రతినిధులకి శిక్షణ ఏలూరులో పెట్టారు. ఒక కల్యాణమండపం మేడ మీద హాలు. చింతలపూడి వైపు పామాయిల్ మిల్లు వాళ్లూ, రైసుమిల్లుల వాళ్లూ, ఐసు ఫ్యాక్టరీల వాళ్లూ వచ్చారు. పాఠం చెప్పేది తాడేపల్లిగూడెం అనంతపద్మనాభంగారు. జీవితమంతా ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. పలచటి గొంతు, తెల్లటి లాల్చీ, ప్రతి మాటకీ ‘అమ్మా, బాబూ’ అనే తీరు. మొదటి విడత క్లాసులో ఆయన బోర్డు మీద ఏమీ రాయలేదు.

“అమ్మా, బాబూ, మీరు రోజూ నిలబడే చోట రేపు నిలబడి ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇప్పుడు, ఈ నిమిషంలో, గ్యాసో మంటో వస్తే నేనెటు పోవాలి? జవాబు రాకపోతే ఆ రోజు పని మొదలెట్టకండి” అన్నారు.

హన్నమ్మకి రేపటిదాకా ఎందుకు, పీలింగ్ హాలు కళ్లముందే ఉంది. ముందు తలుపు పక్కనే మిషను రూము. గ్యాసు వస్తే అటు నుంచే వస్తుంది. రెండో తలుపు వెనక ఉంది. ఇనుప తలుపు, లోపలి వైపు అడ్డంగా ఇనుప బద్ద, దానికి తాళం. అది తెరవగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఇన్నేళ్లూ దానికి వీపు పెట్టి రొయ్యలు వలిచింది.

లేచి నిలబడింది. “ఏవండీ, తాళం వేసున్న తలుపుని తలుపు కింద లెక్కేసుకోవచ్చాండీ?”

“లేదమ్మా. దాన్ని గోడ కిందే లెక్కేసుకోవాలి” అన్నారాయన.

ఆ రాత్రి ఆమెకి నిద్రపట్టలేదు. తెల్లారి గమ్ బూట్లు తొడుక్కోకుండానే నేరుగా గంగాధరరావుగారి గదికి వెళ్లింది. వెనక తలుపు తాళం తీయించండి, తీస్తేగానీ పని మొదలెట్టం, ఆ హక్కు మాకుందట అని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆయన లేచి కుర్చీ చూపించారు. టీ తెప్పించారు.

“మీరు చెప్పిందాంట్లో ధర్మం ఉందండి, హన్నమ్మగారూ. కాకపోతే ఆ తలుపు తీసి ఉంచితే చెరువుల మీంచి ఈగలన్నీ లోపలికే కదండీ. ఈగ కనబడితే కొనేవాళ్లు సరుకు వద్దంటారు. పైగా మన వాళ్లలోనే కొందరు... మీకు తెలీనిదేముందండీ, చీరల్లో రొయ్యలు దాచుకుని అటు నుంచి అటే...” కాసేపు ఆలోచించినట్టు కణత రుద్దుకున్నారు. తర్వాత సొరుగు తెరిచి తాళంచెవి తీశారు. “పోనీ ఇలా చేద్దామండీ. తాళం అలాగే ఉంటుంది. చెవి మాత్రం మీ దగ్గరుంటుంది. ప్రతినిధి మీరు కదా! మీకంటే నమ్మకస్తులు ఈ ప్లాంటులో ఎవరున్నారండీ? మీ చెయ్యి మాత్రం దాటనివ్వకండి.”

అక్కడే తిరగబడాల్సింది. ‘గోడ గోడేనండీ, చెవి ఎవరి దగ్గరుంటే ఏంటి’ అని బల్ల మీద పడేసి రావాల్సింది. కానీ జీవితంలో మొదటిసారి ఆ గదిలో అడిగినదాంట్లో సగమైనా చేతికొచ్చింది. వట్టి ‘అలాగేనండి’ కాదు, బరువున్న ఇత్తడి చెవి! ఆమె చేతులు రెండూ పట్టి ప్రసాదంలా అందుకుంది. “నా చెయ్యి దాటదండీ” అని మాట కూడా ఇచ్చింది.

బయటికి రాగానే కొంగు కొసకి మడతపెట్టి ముడేసి బొడ్లో దోపుకుంది. ఆ వైపు ఇళ్లలో ఆడవాళ్లు బీరువా తాళంచెవి దాచుకునే చోటు అదే. స్నానానికెళ్తే తప్ప విప్పరు, చీర మారిస్తే ముందు ఆ ముడి మారుస్తారు. అత్తగారు పెత్తనం వదిలి కోడలి చేతిలో పెట్టేదాకా ఆ ముడి ఎవరూ ముట్టుకోరు. హన్నమ్మ ఇంట్లో బీరువా లేదు. అలాంటి ముడి వేసుకోవడం ఆమెకి ఇదే మొదలు.

టీ టైములో హాల్లో ఆడవాళ్లందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుంది. “ఇదుగో, చెవులు రిక్కించి వినండి. గ్యాసు వాసన తగిలిందా, ముందు తలుపు వైపు చచ్చినా పోవద్దు. మిషను రూము అటే ఉంది. కొంగు తడిపి ముక్కుకి కట్టుకోండి, వెనక తలుపు దగ్గరికి పదండి. తాళం నేను తీస్తాను.”

“నువ్వు లేకపోతేనో?” అంది సత్యవేదం. ఆ హాల్లో అందరికంటే పెద్దది, ఎవర్నైనా ఏదైనా అనేసే మనిషి.

“నేనెక్కడికి పోతానక్కా? నాగా పెట్టిన రోజు ఒక్కటైనా ఉందా నాకు?”

“అమ్మో, గారండోయ్, గారు!” అని బిందు చేతులు జోడించింది. అందరూ నవ్వారు. హన్నమ్మ కూడా నవ్వింది. కానీ వదల్లేదు. అందరిచేతా చేసి చూపించమంది. పిల్లల ఆటలా మొదలెట్టి వారం తిరిగేసరికి అందరికీ అలవాటు చేసింది. ‘గ్యాసు’ అని అరిస్తే చాలు, ఎవరి చేతిలో రొయ్య ఉన్నా పడేసి, కొంగు తడిపి, వెనక తలుపు వైపు నడిచేవాళ్లు. ముందు తలుపు వైపు పొరపాటున అడుగేసిన వాళ్లని బిందు చెయ్యి పట్టి లాగేది.

రెండో విడత శిక్షణ రోజు వచ్చింది. ఆ పొద్దున హన్నమ్మ చర్చికి కట్టుకునే నీలం చీర తీసింది. కట్టుకుంటూనే చెయ్యి దానంతటదే పాత చీర కొంగు ముడి విప్పి, కొత్త చీర కొంగుకి ముడేసింది. జడ వేసుకుంటున్న బిందు అద్దంలోంచి చూసింది.

“పెద్దమ్మా, తాళంచెవి పట్టుకెళ్తున్నావేంటి? నాకిచ్చి వెళ్లు.”

“నీకెందుకే? ఎక్కడో పడేస్తావు.”

“పడెయ్యనులే, జడకి కట్టుకుంటా.”

“వేళాకోళాలకేం తక్కువ లేదు! నా చెయ్యి దాటదని ఆయనకి మాటిచ్చాను. సాయంత్రానికి వచ్చేస్తాను కదా” అంది హన్నమ్మ. బిందు భుజాలెగరేసి, డబ్బాలో అన్నం పెట్టుకుని ఫ్యాక్టరీ బస్సెక్కింది. వెళ్తూ వెళ్తూ కిటికీలోంచి “జాగ్రత్తండీ, హన్నమ్మగారండీ!” అని అరిచింది.

ఏలూరు వెళ్లే బస్సులో గోపీనాథ్ పక్క సీట్లో కూర్చున్నాడు. గడ్డకట్టించే మిషను అడుగున నూనె చేరుతుంది, వారానికోసారి దాన్ని తీయాలి. తీసేటప్పుడు చెయ్యి వాల్వు మీద నుంచి తియ్యకూడదు. నూనె అయిపోగానే వెనకే గ్యాసు తన్నుకొస్తుంది. ఆ పని అతనొక్కడే చేస్తాడు.

“ఇవాళ దాని జోలికి వెళ్లకండి, రేపొచ్చి నేనే తీస్తానని సారుకి చెప్పానక్కా.”

“ఏవన్నారు?”

“ఏవంటారు? అలాగేనండి అన్నారు.”

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. వాల్వు తెలిసినవాడూ, తాళంచెవి ఉన్న మనిషీ, ఇద్దర్నీ ఒకే రోజు బయటికి పంపారే అన్న ఆలోచన ఆ నవ్వులో ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

అనంతపద్మనాభంగారు ఆ రోజు అందర్నీ ఒక్కొక్కరినే లేపి, మొదటి క్లాసు తర్వాత మీ దగ్గర ఏం మారిందో చెప్పమన్నారు. చాలామంది ఏమీ మారలేదన్నారు. హన్నమ్మ వంతు వచ్చేసరికి ఆమె లేచి, కొంగు సవరించుకుని, అంతా చెప్పింది. తలుపు గురించి అడగడం, చెవి చేతికి రావడం, ఆడవాళ్లందరికీ వెనక తలుపు అలవాటు చేయడం. హాల్లో చప్పట్లు కొట్టారు. ఆయన మొహం వికసించింది. అంతలోనే ఏదో తట్టినట్టు ఆగారు.

“తాళంచెవి ఇప్పుడెక్కడుందమ్మా?”

హన్నమ్మ చెయ్యి బొడ్డు దగ్గరికి వెళ్లింది. ముడి తగిలింది. ఎవరో కిసుక్కున నవ్వారు. “నవ్వకండి బాబూ” అన్నారాయన. “అమ్మా, తప్పు నీదని కాదు. ముందు ఫోన్ చెయ్యి. ఆ తాళం పగలగొట్టమని చెప్పు. ఇప్పుడే.”

మెట్ల మీదకి వచ్చి ఫోన్ చేసింది. పీలింగ్ హాల్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి బిందుకి చేసి లాభం లేదు. గంగాధరరావుగారు వెంటనే ఎత్తారు. ఆమె తడబడుతూ చెప్పింది, తాళంచెవి నాతో వచ్చేసిందండీ, దయచేసి తాళం పగలగొట్టించండి, మా పిల్ల కూడా లోపలే ఉందండీ అని. ఆయన కొంచెం కూడా విసుక్కోలేదు.

“అలాగేనండి హన్నమ్మగారూ. ఇప్పుడే పగలగొట్టించేస్తాను. మీరు నిశ్చింతగా క్లాసు వినండి.”

ఆమె ఫోన్ గుండెకి ఆనించుకుంది. ఒక్క క్షణం బస్సెక్కి వెళ్లిపోదామా అనిపించింది. అనిపించింది! కానీ ఆయన ‘ఇప్పుడే’ అన్నారు, ‘పగలగొట్టించేస్తాను’ అన్నారు, ‘గారూ’ అన్నారు. ఇన్నేళ్లు వట్టిదని తెలిసిన మాట, ఆ రోజు నిజమైతే బాగుండని ఆమె ప్రాణం ఎంత కోరుకుందో అంత గట్టిగా నమ్మేసింది. లోపలికొచ్చి అనంతపద్మనాభంగారికి “పగలగొట్టిస్తామన్నారండీ” అని చెప్పింది. ఆయన ‘హమ్మయ్య’ అన్నారు. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం పెట్టారు. హన్నమ్మ మారు వడ్డించుకుని మరీ తింది.

భోజనాలయ్యాక గోపీనాథ్ ఫోన్ మోగింది. విన్నది విన్నట్టే హన్నమ్మకి చెప్పాడు. సాయంత్రం కంటైనర్ పోవాలట, మిషను సరిగ్గా చల్లబడటం లేదట, కొత్త సూపర్‌వైజరు హర్షవర్ధన్‌ని సారే నూనె తీసెయ్యమన్నారట. అతను వాల్వు తిప్పాడు. గ్యాసు మొహం మీదకి కొట్టేసరికి వదిలేసి పారిపోయాడు. తిరిగెళ్లి కట్టెయ్యడం అక్కడెవరికీ తెలీదు.

“హాల్లో వాళ్లు?” అంది హన్నమ్మ.

ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకొస్తున్నారు, అక్కడికే పోదాం పదక్కా అన్నాడు గోపీనాథ్.

ఆటోలో ఆమె అడిగింది ఒక్కటే, “తాళం పగలగొట్టారంటా?” అని. అడిగిందే అడిగింది. అతను ఆటో డ్రైవర్ని ఇంకా వేగంగా పోనిమ్మన్నాడు.

ఆసుపత్రి వరండాలో తడిసిన కోట్లూ, గమ్ బూట్లూ కుప్పగా పడున్నాయి. దగ్గుతున్న వాళ్లూ, కళ్లు తెరవలేక నీళ్లు పోయించుకుంటున్న వాళ్లూ. వాళ్లలో కొందరు ముందు తలుపు వైపే ఉన్న గ్రేడింగ్ టేబుళ్ల దగ్గర రొయ్యల్ని సైజుల వారీగా ఏరేవాళ్లు. వాళ్లకి హన్నమ్మ పాఠం చెప్పలేదు, వాళ్లు వేరే సెక్షను. గ్యాసులోంచే కళ్లు మూసుకుని ముందుకి పరిగెత్తారు. గొంతులు కాలాయి, కళ్లు మండాయి, బతికారు. పీలింగ్ హాలు వాళ్లలో ఎవరూ వరండాలో లేరు. హన్నమ్మ మంచం మంచం దగ్గరికీ వంగి చూసింది. “బిందూ, ఒసే బిందూ” అని పిలుస్తూనే ఉంది. ఒక నర్సు ఆమె చెయ్యి పట్టుకుని పేరు అడిగి, లోపలికెళ్లి వచ్చి, బల్ల మీద కూర్చోబెట్టింది. కారిడార్ చివర తెల్లగుడ్డలు కప్పిన స్ట్రెచర్లున్నాయి. ఒకదాని అంచున జడ వేలాడుతోంది. పొద్దున అద్దం ముందు అల్లుకున్న జడే.

హన్నమ్మ వెళ్లి ఆ జడని గుడ్డ లోపలికి సర్ది, పక్కనే నేల మీద చతికిలబడింది. గోపీనాథ్ గోడకి తల కొట్టుకుంటుంటే ఎవరో పట్టుకున్నారు.

గంగాధరరావుగారు వచ్చారు. వెనక పోలీసులున్నారు. ఆయన కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. వంగి, అదే మెత్తటి గొంతుతో, “ఘోరం జరిగిపోయిందండీ, హన్నమ్మగారూ” అన్నారు. పోలీసుల వైపు తిరిగి, “ఆ తలుపు తాళంచెవి ఈవిడ దగ్గరే ఉంటుందండి. ప్రతినిధి ఈవిడే. మా దగ్గర ఇంకోటి లేదండి” అన్నారు.

“ఫోన్ చేశాను కదండీ” అంది హన్నమ్మ. “పగలగొట్టిస్తానన్నారు కదండీ!”

“మనిషిని పంపిద్దామనుకునే లోపే...” ఆయన మాట అక్కడే వదిలేశారు. తిట్టలేదు, దబాయించలేదు. ఆయన్ని పట్టుకుని కొట్టడానికి కూడా వీలైన మాట ఒక్కటి లేదు. పోలీసాయన తాళంచెవి ఇమ్మన్నాడు. ఆమె కొంగు కొస పట్టుకుంది. పొద్దుటి నుంచీ చెమటకి తడిసి ముడి బిగుసుకుపోయింది. వేళ్లతో లాగింది, పళ్లతో లాగింది. రాలేదు. చివరికి నర్సు కత్తెర తెచ్చి, నీలం చీర కొంగు కత్తిరించి, ముడితో సహా అతని చేతిలో పెట్టింది.

లోపలి వార్డులోంచి సత్యవేదం పిలుస్తోందని ఎవరో చెప్పారు. పీలింగ్ హాల్లోంచి ప్రాణాలతో బయటపడిన ఒకరిద్దరిలో ఆమె ఒకతె. గోడ పగలగొట్టి తీసేసరికి మనుషుల అడుగున దొరికిందట. కళ్లకి కట్టు కట్టారు, ముక్కులో గొట్టం పెట్టారు. హన్నమ్మ మంచం పక్కన నిలబడింది. ఎవరొచ్చారో సత్యవేదానికి తెలిసిపోయింది. తడుముకుని చెయ్యి పట్టుకుంది.

“హన్నమ్మా, వచ్చావా? మీ పిల్ల ఎంత ధైర్యవంతురాలే! ముందుకి పరిగెత్తబోయిన వాళ్లని ఒక్కొక్కరినీ జబ్బ పట్టి వెనక్కి లాగింది. అటు కాదు, ఇటు, చెవి పట్టుకెళ్లినా పెద్దమ్మ ఎలాగోలా తలుపు తీయించేస్తుంది అని. నేనూ ముందుకే పోబోయానే. నన్నూ లాగింది.” దగ్గు తెర వచ్చింది. హన్నమ్మ ఆ చేతిని విడిపించుకోవాలనుకుంది. సత్యవేదం వదల్లేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది.

“నువ్వు నేర్పినట్టే చేశామే తల్లీ” అంది. “కొంగులు తడుపుకున్నాం. వెనక తలుపు దగ్గరే నిలబడ్డాం. ఒక్కళ్లం కూడా తప్పు చెయ్యలేదు.”